ఎడమ పక్క అక్షరాలు

చిత్తూరు,
12 జూన్ 2005.

మురుగేషూ,

నువ్వూ చౌడేశ్వరీ కులాసాగా ఉండారని తలుస్తాను. ఈ బ్యాగు మా వీధిలో ఉండే కండక్టరు చెంగయ్యకిచ్చి పంపిస్తా ఉండాను. తిరుపతి బస్టాండులో నువ్వే వచ్చి తీసుకో. లోపల ల్యాప్‌టాప్ ఉండాది. దెబ్బ తగలకుండా పాత చీర చుట్టినాను.

ఫోను చేయలేదేమని అనుకోవద్దు. నా చెవుల సంగతి నీకు తెలుసు. ఇద్దరమూ నగరిలో ఒకే మరమగ్గాల షెడ్డు పక్కన పెరిగినాము. ఆ మోతకు నీ చెవులు ఎట్లనో దక్కినాయి, నావి దక్కలేదు. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి అర్థం చేసుకుంటాను. ఫోన్లో అయితే అంతా గుయ్యిమనే చప్పుడే.

సంగతేమంటే, కీబోర్డు అరిగిపోయింది. ఇది పరంధామయ్య వకీలు గారు వాడి పక్కన పెట్టిన మిషన్. ఆయన కొత్తది కొనుక్కున్నాక దీన్ని నాకిచ్చి, “ఇంట్లోనే కూర్చోని టైపు చేసి పంపమ్మా” అన్నాడు. మూడేండ్లుగా పిటిషన్లు, అఫిడవిట్లు, భాగపత్రాలు అన్నీ దీని మీదే కొట్టినాను. కీల మీద అక్షరాలు చెరిగిపోయి నున్నగా అయినాయి. దానికేం బాధ లేదు, నేను చూడకుండా కొట్టేదాన్నే. కానీ ఎడమ పక్క కొన్ని అక్షరాలు పడటం లేదు. గట్టిగా ఒత్తితేనే పడతాయి. పోయిన వారం ఒక దావాలో ప్రతివాది ఇంటిపేరులో అక్షరం ఎగిరిపోయింది. కోర్టులో కాగితాలు వెనక్కిచ్చినారంట. వకీలు గారు నన్నేమీ అనలేదు. ఆ కాగితం నా ముందు పెట్టి, ఊరికే కిటికీ దిక్కు చూస్తా నిలబడినాడు. తిట్టి ఉంటే బాగుండు.

మీ బావ గుజ్జు ఫ్యాక్టరీలో కాటా దగ్గర ఉండాడు. మామిడికాయలు వచ్చినంత కాలమే ఆ పని. ఆగస్టు వచ్చిందంటే ఇంట్లో కూర్చోవాల్సిందే. అందుకని నా పని ఆగకూడదు, నీ రిపేరు షాపులో దీన్ని రవంత తొందరగా చూడు.

మీ అమ్మ, అదే మా చిన్నమ్మ, ఎట్లుండాది? చిన్నాయన సూరత్ నుంచి ఏమన్నా రాసినాడా? మగ్గాల పనికి సూరత్ పోయినోళ్లలో ఇన్నేండ్లుగా మొగం చూపించనిది ఆయనొక్కడే.

మీ అక్క,
ఉదయలక్ష్మి.


తిరుపతి,
16 జూన్ 2005.

అక్కా,

బ్యాగు చేరింది. కీబోర్డు విప్పి చూసినాను. నీ మాట నిజమే. కీల కింద చిన్న రబ్బరు గిన్నెల మాదిరి ఉంటాయి, అవే కీని మళ్లీ పైకి తోస్తాయి. అన్నీ నలిగిపోయినాయి. లోపల ఒక వెంట్రుకల ఉండ, బొరుగులు రెండు దొరికినాయి. బొరుగులు తినుకుంటా టైపు చేస్తావని బావకు చెప్పనులే.

ఒకటి మాత్రం నాకు అర్థం కాలేదు. ఎడమ చివరి కీలు కొన్ని మిగతావాటికన్నా లోపలికి దిగిపోయినాయి. ఒకదాని కింద ప్లాస్టిక్ కొక్కెం విరిగింది. అంత గట్టిగా ఏమిటికి పొడిచినావక్కా?

ఇది బాగు చేసే రకం కాదు, మొత్తం మార్చాల్సిందే. ఈ మోడలుది తిరుపతిలో లేదు, మద్రాసు నుంచి తెప్పించి వేసినాను. చెంగయ్యన్న చేతికిస్తా ఉండాను.

నా సంగతి ఏముండాది. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే మెడ ఎత్తేది లేదు. కాలేజీ పిల్లోళ్లంతా ల్యాప్‌టాప్‌ల మీద కాఫీ ఒలకబోసుకొని వచ్చి, “అన్నా, ఈ పొద్దే కావాల” అంటారు. కండ్లు మండుతా ఉంటాయి. చౌడేశ్వరి కండ్ల డాక్టరు దగ్గరికి పొమ్మంటా ఉండాది. పోవాల.

అమ్మ నగరిలోనే ఉండాది. ఈడికి రమ్మంటే రాదు. సూరత్ నుంచి ఏమీ రాలేదు.

మురుగేష్.


చిత్తూరు,
3 జులై 2005.

మురుగేషూ,

కొత్త కీబోర్డు రెండు దినాలు బాగా పనిచేసింది. దిష్టి తగిలిందేమో, మూడో దినం నుంచి మళ్లీ అదే కథ. ఎడమ పక్క అక్షరాలు పడవు. ఒక్కోసారి పక్క అక్షరం పడతాది. పేజీ అయినాక వెనక్కి పోయి దిద్దుకునేసరికి పొద్దు గడిచిపోతాది.

తప్పుగా అనుకోవద్దు, అడగాల్సి వచ్చి అడుగుతా ఉండాను. ఆ మద్రాసోళ్లు పాత దాన్నే తుడిచి కొత్తదని నీకు అంటగట్టినారా? లేకుంటే అక్కే కదా, సర్దుకుంటాదిలే అని నువ్వే పాతది వేసినావా? మూడో కంటికి తెలియనీయను, నిజం చెప్పు.

ఈ తొందర్లో మొన్న దోసె పెనం అంచు తగిలి ఎడమ చేతి చిటికెన వేలు కాలింది. బొబ్బ లేచినాక గాని చూసుకోలేదు. బుర్ర అంతా పని మీదే ఉంటే ఇంకేం తెలుస్తాది.

మిషన్ మళ్లీ పంపిస్తా ఉండాను.

ఉదయలక్ష్మి.


తిరుపతి,
7 జులై 2005.

అక్కా,

నీకు పాతది వేసేవాడినైతే ఈ షాపు ఎప్పుడో మూసుకోవాల్సింది. నీ ఉత్తరం చౌడేశ్వరి కూడా చదివింది. ఆమె ముందర నాకు తలకొట్టేసినట్టయింది.

నీ మిషన్ మీద నేనే కూర్చోని రెండు పేజీలు కొట్టినాను. ఒక్క అక్షరం కూడా పోలేదు. అయినా నీ మనసులో అనుమానం ఉండకూడదని, ఇంకొకటి, అట్టపెట్టె సీలు కూడా విప్పనిది తెప్పించి వేసినాను. ఆ పెట్టె కూడా బ్యాగులో పెట్టినాను, చూసుకో.

వేలికి ఏమన్నా మందు పూసినావా?

మురుగేష్.


చిత్తూరు,
24 జులై 2005.

మురుగేషూ,

నిన్ను అట్ల అడగకుండా ఉండాల్సింది. పెట్టె చూసి సిగ్గయింది.

కానీ తమ్ముడూ, ఇది కూడా అంతే. ఏం చేసేది? వకీలు గారు ఎర్ర ఇంకుతో గీతలు గీసి పంపించిన పేజీలు నాలుగు ఇందులో పెట్టినాను. నేనేదో పని దొంగనైనట్టు ఒక్కో గీత కనిపిస్తాది. ఆయన కొత్తగా ఒక పిల్లను పెట్టుకున్నాడు. ముఖ్యమైన కాగితాలు ఆ పిల్లకిస్తా ఉండాడు, నాకు నకళ్లు మాత్రం పంపుతాడు. ఇరవై ఏండ్లుగా టైపు కొట్టినాను, ఇప్పుడు నకళ్లు.

మిషన్ మళ్లీ పంపిస్తా ఉండాను, దాన్లోనే ఏదో ఉండాది. లోపల తీగలు, ఇంకేమన్నా అయినా సరే, మొత్తం విప్పి చూడు. నాకు ఓపిక లేదు. తప్పు యాడుందో కనుక్కొని చెప్పు, అంతే.

ఉదయలక్ష్మి.


తిరుపతి,
31 జులై 2005.

అక్కా,

ఈ ఉత్తరం నువ్వొక్కతే కూర్చోని చదువు.

ఆదివారం, షాపు తీయలేదు. నువ్వు పంపిన నాలుగు పేజీలు ముందర పెట్టుకొని, ఎర్ర గీతలన్నీ ఒక కాగితం మీద ఎక్కించినాను. ఏ అక్షరం పోయింది, అది ఏ కీ, ఆ కీ మీద ఏ వేలు పడతాది అని. తప్పులు నలభై మూడు. అందులో నలభై ఒకటి నీ ఎడమ చేతి చిటికెన వేలు, దాని పక్క వేలు కొట్టే కీలవే. కుడి పక్క ఒక్కటీ లేదు. అవే కీలను నేను కొడితే పడతా ఉండాయి, చౌడేశ్వరి కొడితే పడతా ఉండాయి.

తప్పు యాడుందో కనుక్కొని చెప్పమన్నావు. కీబోర్డులో లేదక్కా. మొదటిది నిజంగా అరిగింది. తర్వాతవి రెండూ బాగుండాయి. నీ వేళ్లలో బలం తగ్గింది. పెనం తగిలితే కాలింది నీకు తెలియలేదంటివే, అది పని తొందర వల్ల కాదనుకుంటాను. కండ్లు మూసుకొని, ఆ వేళ్లకు బావతో దూది తాకించి చూడు. తెలుస్తాదో లేదో.

నాకెట్ల తెలుసంటావు. ఇది ఎవరికీ చెప్పింది కాదు.

నాయన సూరత్ పోలేదు.

నాకు పదకొండేండ్లప్పుడు, మగ్గం మీద పోగు తెగితే నాయన ముడి వేయలేకపోయేవాడు. దారం వేళ్ల మధ్యలో నిలిచేది కాదు. దారం నాసిరకమని సేటుతో కొట్లాడినాడు. రెండు మార్లు దారం మార్పించినాడు. నీ ఉత్తరాలు చదువుతా ఉంటే నాకు ఆ కొట్లాటే చెవిలో పడింది. తర్వాత చిటికెన వేలు వంగింది, తర్వాత పక్క వేలు. చేతి మీద తెల్లమచ్చ. అది కుష్ఠు అని అమ్మకు తెలిసింది. నలుగురికీ తెలిస్తే మన మగ్గం గుడ్డ ఎవరూ కొనరని భయపడింది. ఒక పొద్దు నాయన సంచి పట్టుకొని పోయినాడు. సూరత్ అని మీకందరికీ అమ్మ చెప్పింది. నాకూ అదే చెప్పింది.

పద్దెనిమిదేండ్లకు నాకు నిజం తెలిసింది. నాయన వేరెవరితోనో రాయించిన ఒక కార్డు వచ్చింది. తమిళనాటిలో ఆ రోగమొచ్చినోళ్లుండే ఒక కాలనీకి పోయినాను. నాయన వేపచెట్టు కింద మంచం మీద కూర్చోని ఉండాడు. చేతులకు వేళ్లు లేవు. నన్ను గుర్తుపట్టి, “మీ అమ్మ పంపిందా?” అన్నాడు. “అవును నాయనా” అన్నాను. అబద్ధం. దాని తర్వాత ఎప్పుడు పోయినా అదే అడిగేవాడు, నేనూ అదే చెప్పేవాణ్ణి. తొంభై ఆరులో పోయినాడు. నేనొక్కణ్ణే ఉన్నాను. వచ్చి అమ్మకు చెప్తే, “సూరత్‌లోనే ఉండాడనుకో” అనింది.

నీకున్నది అదేనని నేననడం లేదు, నేను డాక్టరును కాదు. కానీ అదే అయినా, ఇప్పుడు ఆర్నెల్లు మాత్రలు మింగితే పోతాదంట. చేతులు పోయేది రోగం ముదరబెట్టుకున్నోళ్లకే. తిరుపతికి రా. ఆస్పత్రికి చౌడేశ్వరి నీతో వస్తాది.

మురుగేష్.


చిత్తూరు,
4 ఆగస్టు 2005.

నీ ఉత్తరం చించేసినాను. ఇట్లాంటివి ఇంకోసారి మా ఇంటికి రాయొద్దు. నా మిషన్ పంపించు.

ఉదయలక్ష్మి.


తిరుపతి,
19 ఆగస్టు 2005.

అక్కా,

చెంగయ్యన్న నాలుగు మార్లు వచ్చి అడిగినాడు. మిషన్ ఇవ్వలేదు. ఇవ్వను కూడా. నీ పని ఆగిపోయిందని తెలుసు, బావకు ఫ్యాక్టరీలో పని అయిపోయిందని తెలుసు. అన్నీ తెలిసే నా దగ్గర పెట్టుకున్నాను. నన్ను ఎన్నైనా తిట్టు.

నువ్వే వచ్చి తీసుకో. వస్తే ముందు ఆస్పత్రి, తర్వాత మిషన్.

ఇంతకన్నా మంచి దారి నాకు తోచలేదు.

మురుగేష్.


చిత్తూరు,
11 సెప్టెంబరు 2005.

మురుగేషూ,

మొన్న మీ ఇంట్లో నోరు విప్పలేకపోయినాను. చౌడేశ్వరి పెట్టిన అన్నం కూడా సరిగా తినలేదు. ఆ పిల్ల ఏమీ అనుకోవద్దని చెప్పు.

డాక్టరమ్మ ఏం చేసిందో నీకు చౌడేశ్వరి చెప్పే ఉంటాది. కండ్లు మూసుకోమని పెన్ను మొనతో తాకించింది. యాడ తాకిందో వేలు పెట్టి చూపించమనింది. నేను చూపిస్తానే ఉన్నాను. కండ్లు తెరిచినాక, “మధ్యలో ఏడు మార్లు తాకించినానమ్మా, నువ్వు ఊరికే ఉన్నావు” అని కాగితం మీద రాసి చూపించింది. మోచేతి లోపల నరం తాడు మాదిరి ఉబ్బిందంట. భుజం వెనక పావలా బిళ్లంత తెల్లమచ్చ ఉండాదంట. నా ఒంటి మీద మచ్చ నాకే తెలియదు.

ఇప్పుడు నీకు ఒకటి చెప్పాల. నాకు శివరాత్రి నుంచే తెలుసు. ఆ రెండు వేళ్లు మొద్దుబారినట్టు ఉండాయని, రవిక గుండీ పెట్టుకునేటప్పుడు జారుతా ఉండాయని తెలుసు. పేరు తెలియదు గాని, చేతిలోనే ఏదో ఉండాదని తెలుసు. తెలిసే మిషన్ నీకు పంపించినాను. మిషన్‌దే తప్పు అని నువ్వు చెప్తే వినాలని ఉండింది. రెండో మారు నిన్ను అంత మాట అన్నది కూడా అందుకే. క్షమించమని అడగను. నువ్వు క్షమించేస్తావు, అది ఇంకా బాధ.

తిరిగొచ్చేటప్పుడు పూతలపట్టులో బస్సు ఆగింది. అందరూ టీకి దిగినారు. గ్లాసు పట్టుకొని తాగి మళ్లీ ఆ గ్లాసు అక్కడ పెట్టాల కదా అనిపించి నేను దిగలేదు. మొదటి మోతాదు మింగినాక ఎవరికీ అంటదని డాక్టరమ్మ చెప్పింది. తెలుసు. అయినా దిగలేదు.

మీ బావకు చెప్పినాను. మాత్రల అట్ట చేతికిచ్చి, పేరు చెప్పినాను. చాలాసేపు అట్టనే తిప్పి చూసినాడు. తర్వాత, “కంచం నీది వేరే పెట్టాలా, నాది వేరే పెట్టాలా?” అనడిగినాడు. ఎగతాళి కాదు, తెలియక అడిగినాడు. అక్కర్లేదంట అని చెప్పినాను. సరేనన్నాడు. కానీ ఆ పొద్దు నుంచి ఆకులో తింటా ఉండాడు.

పొయ్యి దగ్గర జాగ్రత్త అన్నారు, వేడి తెలియదు కాబట్టి. గుడ్డ చుట్టుకొని వంట చేస్తా ఉండాను. నరం వాపుకు వేరే మాత్రలు కూడా ఇచ్చినారు, వాటికి మొగం ఉబ్బుతాదంట. ఇంట్లో ఇద్దరం ఉండాము, ఒక్క మాట లేదు. నాకు ఎట్లాగూ వినపడదు గాని, పెదాలు కదలడం కూడా లేదు.

చిన్నాయన సంగతే తలుచుకుంటా ఉండాను. నన్ను భుజం మీద ఎక్కించుకొని రథం చూపించిన మనిషి.

మీ అక్క.


తిరుపతి,
19 సెప్టెంబరు 2005.

అక్కా,

ఈ ఉత్తరం అందేలోపే అమ్మ మీ ఇంట్లో ఉంటాదేమో. నేను పంపలేదు.

శనివారం నగరి పోయి నీ సంగతి చెప్పినాను. చెప్పొద్దని నువ్వు అనలేదు, అందుకని చెప్పినాను. అమ్మ మగ్గం ఆపింది. నాయన పోయినాడని చెప్పినప్పుడు ఆపలేదు, ఇప్పుడు ఆపింది. “వంట ఎవరు చేస్తా ఉండారు?” అనడిగింది. నువ్వే అని చెప్పినాను. లోపలికి పోయి రెండు కోకలు సంచిలో పెట్టుకుంది. నేను తోడు వస్తానంటే, “చిత్తూరు నాకు తెలీదా” అనింది.

నీకు ఇష్టం లేకపోతే రాయి, వచ్చి పిలుచుకొచ్చేస్తాను. ఆమె మనసులో ఏముండాదో నాకు ఎప్పుడూ తెలియలేదు.

మురుగేష్.


చిత్తూరు,
26 మార్చి 2006.

మురుగేషూ,

ఆరో అట్ట అయిపోయింది. డాక్టరమ్మ కార్డులో గీత గీసి, సంతకం పెట్టి ఇచ్చింది. ఇంక మాత్రలు లేవు, చెయ్యి చూపించుకోవడానికి మాత్రం అప్పుడప్పుడూ రమ్మనింది. చిటికెన వేలి పక్క వేలికి బలం వచ్చింది. చిటికెన వేలు రాలేదు, రవంత వంగే ఉండాది. అది ఇంక అంతేనంట. ఆ వేలు చేసే పని పక్క వేలితో చేస్తా ఉండాను. ముందర ఇరవై పేజీలు కొట్టేదాన్ని, ఇప్పుడు పన్నెండు. తప్పులు లేవు. వకీలు గారికి నేనే అంతా చెప్పినాను. ఆయన కుర్చీ జరుపుకోలేదు, అది చాలు. దావాలు ఆ పిల్లకే పోతా ఉండాయి, నాకు భాగపత్రాలు వస్తా ఉండాయి.

మీ బావ రెండో నెల నుంచి ఆస్పత్రికి నాతో వచ్చినాడు. గేటు బయటే నిలబడేవాడు, లోపలికి వచ్చేవాడు కాదు. కంచంలోనే తింటా ఉండాడు ఇప్పుడు. అంతవరకు వచ్చినాడు, ఉండనీ.

మీ అమ్మ సంగతి రాయాల.

వచ్చిన పొద్దు నుంచి పొయ్యి నాకు వదల్లేదు. పొద్దున మాత్ర ఒత్తి నా చేతిలో వేసి, మింగిందాకా ఎదురుగా నిలబడేది. నా చేతిని నీళ్లలో నానబెట్టి, నూనె రాసి, వేళ్లు ఒక్కొక్కటే చాపేది. ఆర్నెల్లు ఒక్క దినం తప్పలేదు. నోరు మాత్రం తెరవలేదు. నాలుగో నెలలో ఒక పొద్దు నూనె రాస్తా రాస్తా నా మొగం దిక్కు తిరిగి, నాకు అర్థమయ్యేట్టు మెల్లగా చెప్పింది. “ఆయప్ప పోయేనాడు సద్దికూడు కట్టియ్యమన్నాడు. ఆయన గిన్నె ముట్టుకోవాల్సి వస్తాదని నేను కదల్లేదు. వట్టి చేతులతో పోయినాడు.” చెప్పేసి మళ్లీ నా వేళ్లు చాపింది. నేను చెయ్యి వెనక్కి తీసుకోకుండా కూర్చున్నాను.

ఇంక మొన్నటి సంగతి. మూలింటి కుప్పమ్మ కాఫీకి వచ్చింది. కార్డు చూసి, “ఏం మాత్రలమ్మా ఇన్నాళ్లు?” అనింది. నేను నరాల బలహీనత అనబోతా ఉండాను. మీ అమ్మ చాటలో బియ్యం ఏరుతా, తల కూడా ఎత్తకుండా ఏదో అనింది. ఆమె పెదాలు నాకు కనపడలేదు. కుప్పమ్మ మొగం చూసి తెలుసుకున్నాను ఏమనిందో. తర్వాత అడిగితే చెప్పింది. “కుష్ఠు. ఈ బిడ్డకు నయమైపోయింది. మా ఆయనకు కాలేదు. పదేండ్లయింది ఆయన పోయి” అనిందంట. కుప్పమ్మ సగం కాఫీ వదిలేసి పోయింది. మళ్లీ రాలేదు. వీధిలో ఇద్దరు ముగ్గురు తల తిప్పుకుంటా ఉండారు. పోట్లాడే ఓపిక లేదు, భయం కూడా ముందున్నంత లేదు.

బుధవారం మీ అమ్మ నగరి పోతానంటాది. షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి చిన్నాయన సంగతి చెప్పాలంట. పాతికేండ్ల తర్వాత ఏమిటికి చిన్నమ్మా అన్నాను. “నీకు చేసినట్టు ఆయనకు ఒక్క దినం కూడా చేయలేదే” అనింది. ఒక్కతే చెప్పలేనని నన్ను రమ్మనింది. పోతా ఉండాను.

నీకు చెప్పొద్దనింది, షాపు మూసుకోవాల్సి వస్తాదని. అయినా రాస్తా ఉండాను. పది గంటల బస్సుకు బయల్దేరి పుత్తూరులో మారతాము. నువ్వు ఆడికి వస్తే ముగ్గురం కలిసి పోవచ్చు. నువ్వు చిన్నాయనతో ప్రతి మారూ ఏం చెప్పేవాడివో ఆమెకు ఇంకా తెలియదు. నేను చెప్పలేదు. అది నువ్వు చెప్పుకోవాల్సింది.

ఉదయలక్ష్మి.